గినీ పిగ్ బ్లాడర్‌ల తెల్ల మడ్డి పేరుకున్నది. మందుతోని కరుగుతదా, మేత మార్చాల్నా?

కాజీపేట07

అందరికీ నమస్తే. మా మగ గినీ పిగ్‌కు నాలుగేండ్లు, బరువు 1050 గ్రాములు. మూత్రం పోసేటప్పుడు వీపు వంచి సన్నగా కీచుమంటున్నది. కింద పరిచిన బట్ట ఎండినంక తెల్లగా గరుకుగా మిగులుతున్నది, వేలితో రుద్దితే ఇసుక తగిలినట్టే ఉన్నది. ఎక్స్‌రేలో బ్లాడర్ అడుగున తెల్లగా పేరుకున్నది కనిపించింది. విడిగా రాయి లేదన్నరు. తిండి తింటున్నది గని ముందటంత చురుకు లేదు.

ఇప్పుడు పెడుతున్న మేత: రెండు పూటలా లూసర్న్ గడ్డి, రోజూ తోటకూరనో మెంతికూరనో, షాపుల లూజుగా అమ్మే గోలీల దాణా ఒక గుప్పెడు. తాగేది బోరు నీళ్లు. పంజరంల ఒక మినరల్ దిమ్మ వేలాడదీసినం.

ఈ మడ్డి మందుతోని కరుగుతదా? కొండపిండాకు కషాయం పోయమని ఇంట్ల పెద్దవాళ్లు అంటున్నరు, పోయొచ్చునా? పిల్లలకు తెచ్చిన అమాక్సిసిలిన్ సిరప్ ఇంట్ల ఉన్నది, ఇన్ఫెక్షన్ ఉంటే అది రెండు చుక్కలు వెయ్యొచ్చునా?

---

చిన్నజీవాలు

ముందుగా చివరి ప్రశ్నకు: అమాక్సిసిలిన్ వెయ్యకండి. ఒక్క చుక్క కూడా వద్దు. నోటి ద్వారా ఇచ్చే పెన్సిలిన్ జాతి మందులు, సెఫాలెక్సిన్, క్లిండమైసిన్, ఎరిత్రోమైసిన్ గినీ పిగ్ పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను చంపేస్తాయి. ఆ ఖాళీలో క్లాస్ట్రీడియం అనే చెడు బ్యాక్టీరియా పెరిగి విషం వదులుతుంది, విరేచనాలు పట్టుకుని జంతువు చనిపోతుంది. గినీ పిగ్‌లకు మామూలుగా వాడేవి ఎన్రోఫ్లాక్సాసిన్, లేదా ట్రైమెథోప్రిమ్–సల్ఫా. అవి కూడా డాక్టర్ బరువు చూసి రాసిన మోతాదులోనే ఇవ్వాలి.

మడ్డి మందుతో కరగదు. కారణం తెలిస్తే మిగతా పని అర్థమవుతుంది. మనుషుల్లో పేగు తనకు కావాల్సినంత కాల్షియమే పీల్చుకుంటుంది. గినీ పిగ్ మేతలో ఉన్న కాల్షియంలో ఎక్కువ భాగం పీల్చుకుని, మిగిలినదాన్ని మూత్రంలో పంపుతుంది. దాని మూత్రం క్షారగుణం కలది, పీహెచ్ 8 నుంచి 9 మధ్య ఉంటుంది. అట్లాంటి మూత్రంలో కాల్షియం కార్బొనేట్ గడ్డకట్టడం సులువు. కుక్కల్లో కొన్ని రకాల రాళ్లను ప్రత్యేక ఆహారంతో కరిగిస్తారు, ఆ పద్ధతి ఇక్కడ పనిచెయ్యదు. మూత్రాన్ని ఆమ్లంగా మార్చే మందులు కూడా గడ్డి తినే ఈ జీవిలో ఫలితం ఇవ్వవు. పేరుకున్నది బయటికి రావాలి, కొత్తది పేరుకోకుండా మూత్రం పలుచగా ఉండాలి.

కొంచెం తెల్లదనం ఎప్పుడూ ఉంటుందని కూడా తెలుసుకోండి. ఆరోగ్యంగా ఉన్న గినీ పిగ్ మూత్రం కూడా కాస్త మబ్బుగానే ఉంటుంది, ఎండితే మెత్తని పొడి మిగులుతుంది. ల్యాబ్‌లో చూస్తే క్రిస్టల్స్ కూడా కనిపిస్తాయి. రిపోర్టులో «క్రిస్టల్స్ ఉన్నాయి» అన్న ఒక్క మాటతో భయపడొద్దు. పొడి గరుకుగా మారినా, టూత్‌పేస్ట్ లాగా చిక్కగా వచ్చినా, పోసేటప్పుడు అరిచినా అప్పుడది జబ్బు. ఈ మూడు లక్షణాల్లో రెండు మీ దానికి ఉన్నాయి.

మగవాటిలో ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. వీర్యం గడ్డకట్టి తెల్లగా, రబ్బరులాగా సాగే ముక్కలుగా బట్ట మీద పడుతుంది. దాన్ని చూసి రాయి అనుకుంటారు. తేడా తెలియాలంటే ఎండిన తెల్ల మరక మీద రెండు చుక్కల వెనిగర్ వెయ్యండి. కాల్షియం కార్బొనేట్ అయితే బుడగలు వస్తాయి, వీర్యం ముక్క అయితే రావు. ట్రేలో గట్టిగా పట్టిన తెల్ల పొర కడగడానికి కూడా వెనిగరే మంచిది.

ఎక్స్‌రే గురించి: పక్క నుంచి ఒకటి, వెల్లకిలా ఒకటి, రెండు కోణాలు ఉండాలి. ఫిల్ములో వెనక భాగం మొత్తం, మూత్రం వచ్చే చివరి దాకా పడాలి. బ్లాడర్ వరకే తీస్తే మూత్రనాళంలో ఇరుక్కున్న చిన్న రాయి తప్పిపోతుంది, మగవాటిలో ప్రాణం తీసేది అదే. వీలైతే అల్ట్రాసౌండ్ కూడా అడగండి. పొట్ట మీద ప్రోబ్‌తో కొద్దిగా కదిపితే మడ్డి లేచి తేలుతుంది, రాయి కదిలి మళ్లీ అట్లనే పడుతుంది. మూత్రం కల్చర్ చేయిస్తే ఇన్ఫెక్షన్ ఉందో లేదో, ఏ మందు పనిచేస్తుందో తేలుతుంది. మెడికల్ షాపులో దొరికే మూత్ర పరీక్ష స్ట్రిప్ మూత్రంలో రక్తం ఉందో చూడడం వరకు పనికొస్తుంది. ప్రొటీన్ గడి మాత్రం నమ్మకండి, ఇంత క్షార మూత్రంలో అది ఊరికే పాజిటివ్ చూపిస్తుంది.

చిక్కటి మడ్డి ఎక్కువగా ఉంటే డాక్టర్ మత్తు ఇచ్చి, సన్నని కెథెటర్ (గొట్టం)తో గోరువెచ్చని సెలైన్ ఎక్కించి బ్లాడర్ కడుగుతారు. ఒక్కసారికే పూర్తిగా పోకపోవచ్చు. కడిగించి పాత మేతే పెడితే మళ్లీ నిండుతుంది. ఇంట్లో పొట్ట నొక్కి పిండే ప్రయత్నం ఎవరూ చెయ్యొద్దు. నాళం మూసుకుని ఉంటే బ్లాడర్ పగులుతుంది. మత్తుకు ముందు రాత్రంతా పస్తు ఉంచమని ఎవరైనా చెబితే అది కుక్కలు, పిల్లుల లెక్క. గినీ పిగ్ కడుపు ఖాళీగా ఉంటే పేగు కదలిక ఆగిపోతుంది, అందుకే గడ్డి చివరి వరకు ముందే ఉండాలి.

నొప్పికి మెలాక్సికామ్ రాస్తారు. ఒంట్లో నీళ్లు తగ్గిన జంతువుకు అది కిడ్నీని దెబ్బతీస్తుంది, కాబట్టి ముందు ద్రవాలు ఎక్కించి తర్వాత ఇవ్వడం పద్ధతి. మనుషుల మాత్ర విరిచి అంచనాగా వెయ్యడం వద్దు.

---

గడ్డిమోపు

చిన్నజీవాలు గారు వైద్యం చెప్పిన్రు, నేను మేత లెక్క చెప్త. కాజీపేట తమ్మీ, మీరు పెడుతున్న గడ్డి, ఆకుకూర, దాణా, దిమ్మ నాలుగూ ఒకే దిక్కు, కాల్షియం పెంచే దిక్కు లాగుతున్నయి.

లూసర్న్ పప్పుజాతి గడ్డి. ఎండు బరువుల కాల్షియం 1.2 నుంచి 1.5 శాతం ఉంటది. తిమోతి, ఆర్చర్డ్ లాంటి గడ్డిజాతి ఎండుమేతల 0.4 నుంచి 0.6 శాతం. కిలో బరువున్న జీవి రోజుకు 40 గ్రాముల ఎండుమేత తింటదనుకుంటే లూసర్న్‌తో సుమారు 550 మి.గ్రా., తిమోతితో 200 మి.గ్రా. పోతది. పాలిచ్చే తల్లికి, ఆరు నెలల లోపు పిల్లకు లూసర్న్ పర్వాలేదు. నాలుగేండ్ల దానికి వద్దు. పాడి రైతులు వేసే బొబ్బర్ల మేత, పిల్లిపెసర కూడా పప్పుజాతే, వాటికీ ఇదే మాట.

అయితే తిమోతి వరంగల్‌ల షాపుకు పోయి తెచ్చుకునే సరుకు కాదు, ఆన్‌లైన్‌ల తెప్పించుకోవాలె. వచ్చేదాక పచ్చి గరిక మంచి ఆధారం. గరిక కోసేటప్పుడు పత్తి చేను గట్లు, మందు కొట్టిన మక్క చేను పక్కలు వదిలెయ్యాలె. రోడ్డు పక్కన కుక్కలు తిరిగే జాగల కూడా కొయ్యొద్దు. మన దిక్కు మక్క కంకుల కాలంల పైపొట్టు, లేత ఆకు, పీచు దండిగ దొరుకుతయి, అవి పెట్టొచ్చు. లేత జొన్న మొక్క మాత్రం పెట్టకుండ్రి, అందుల సైనైడ్ విషం తయారైతది. సూపర్ నేపియర్ గడ్డిల ఆక్సలేట్ (కాల్షియంతో కలిసి గడ్డకట్టే పదార్థం) ఎక్కువ, దాన్నే ప్రధాన మేత చెయ్యొద్దు. వరిగడ్డి కింద పరిచేటందుకు బాగుంటది గని మేతగా బలం లేదు. ఏ గడ్డి అయినా వానకాలంల బూజు వాసన వస్తే పారెయ్యాలె.

గడ్డి ఒక్కసారే మార్చొద్దు. వారం పది రోజులు పాతది తగ్గించుకుంట, కొత్తది పెంచుకుంట పోవాలె. గడ్డి తినుడు ఆగితే మడ్డి కన్నా పెద్ద కష్టం వస్తది.

ఇగ ఆకుకూరలు. జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికల ప్రకారం 100 గ్రాములల్ల కాల్షియం: తోటకూర 397 మి.గ్రా., మెంతికూర 395, మునగాకు 440, కరివేపాకు 830, కొత్తిమీర 184. తోటకూర 30 గ్రాములు పెట్టినా 120 మి.గ్రా. దగ్గరికి వస్తది, అంటే తిమోతి ఎండుమేత మొత్తంల వచ్చేదాంట్ల సగానికి పైనే. మునగాకు «మంచి బలం» అని చాలామంది పెడుతరు, మనుషులకు బలమే, దీనికి కాదు. పాలకూరల కాల్షియం 73 మి.గ్రా.యే ఉన్నా ఆక్సలేట్ దండిగ ఉంటది. చుక్కకూర, గంగవాయిలికూర, బచ్చలి కూడా అట్లనే. ఇవన్నీ బంద్ పెట్టుండ్రి.

పెట్టాల్సినవి: దోసకాయ, కీర, సొరకాయ, ఆకుపచ్చ క్యాప్సికం, లెట్యూస్ దొరికితే అది. కొత్తిమీర రెండు మూడు రెమ్మలు వాసన కోసం వెయ్యొచ్చు. సొరకాయ చేదుగ ఉంటే పెట్టొద్దు, ముందు మీరు చిన్న ముక్క రుచి చూడుండ్రి. అన్నీ కడిగి, నీళ్లు కారుతుండంగనే పెట్టుండ్రి. ఆ తడి కూడా లెక్కకు వస్తది.

విటమిన్ సీ వీటి ఒంట్ల తయారు కాదు. కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మి.గ్రా. కావాలె. క్యాప్సికంల 100 గ్రాములకు 137 మి.గ్రా. ఉంటది, 20 గ్రాముల ముక్క వేస్తే పనైపాయె. జబ్బున పడ్డప్పుడు డాక్టర్ పెంచితే వేరు. నీళ్ల సీసాల కలిపే చుక్కలు వద్దు, విటమిన్ తొందరగ పాడైతది. పైగా రుచి మారి జీవి తాగుడు తగ్గిస్తది, ఇప్పుడు మీకు కావాల్సింది అది ఎక్కువ తాగుడు.

అన్నిటికన్న నాకు అనుమానం మీ లూజు దాణా మీద. సంచి మీద ఏం రాసి ఉన్నదో చూడుండ్రి. గుడ్ల కోళ్లకు వేసే లేయర్ దాణా అయితే అందుల కాల్షియం 3.5 నుంచి 4 శాతం ఉంటది, గుడ్డు పెంకు కోసం. 15 గ్రాములు తింటే 500 మి.గ్రా. పైన. గినీ పిగ్ కోసం చేసిన తిమోతి గోలీలల్ల అంతే బరువుకు 90 మి.గ్రా. దగ్గర ఉంటది. కుందేళ్ల దాణా అయినా విటమిన్ సీ కలపరు. సరైన గోలీలు దొరికేదాక దాణా పూర్తిగ ఆపి గడ్డి మీదనే నడపొచ్చు. దొరికినంక రోజుకు ఒక చెంచా చాలు.

మినరల్ దిమ్మ ఈ రోజే తీసెయ్యుండ్రి.

ఒక హెచ్చరిక: ఇదంతా చదివి కాల్షియం సున్నా చేద్దామనుకోవద్దు. ఉత్త కీర, సొరకాయ మీద ఉంచితే ఎముకలు, పండ్లు మెత్తబడుతయి. గడ్డి ఎంత తింటే అంత తిననియ్యాలె.

---

కాజీపేట07

గడ్డిమోపు అన్నా, సంచి చూసిన. లేయర్ దాణానే. ఆపేసిన. దిమ్మ కూడా తీసేసిన. చిన్నజీవాలు గారూ, సిరప్ ముట్టుకోను.

బోరు నీళ్ల సంగతి చెప్పలేదు. మా బోరు నీళ్లు గట్టివి, గిన్నెల అంచుకు తెల్లగా పడుతయి. ఆర్‌ఓ నీళ్లు పెట్టాల్నా? కొండపిండాకు, ఉలవచారు, బార్లీ నీళ్లు గురించి కూడా చెప్పుండ్రి. డాక్టర్ ఇంటి దగ్గర చర్మం కింద సెలైన్ ఇవ్వమన్నరు, అది ఎట్ల?

---

జగిత్యాల_జి

నీళ్ల లెక్క చూద్దాం. కిలో బరువు జంతువు రోజుకు సుమారు 100 మి.లీ. తాగుతది. లీటరుకు 400 మి.గ్రా. గట్టిదనం ఉన్న బోరు నీళ్లే అనుకుందాం, ఆ గట్టిదనమంతా కాల్షియమే అనుకున్నా లీటరుకు 160 మి.గ్రా. కాల్షియం. 100 మి.లీ.లో 16 మి.గ్రా. గడ్డిమోపు చెప్పిన లూసర్న్, లేయర్ దాణా ముందు ఇది చిన్నది. ఆర్‌ఓ నీళ్లు, మిషన్ భగీరథ నల్లా నీళ్లు ఉంటే అవి పెట్టండి, నష్టం లేదు. లేకపోతే బోరు నీళ్లు మరగబెట్టి చల్లార్చి, అడుగున తెల్లగా దిగినదాన్ని వదిలి పైన తేటనే వంచుకోండి, కొంత తగ్గుతది. కానీ నీళ్లు మార్చినం కదా అని మేత సంగతి మర్చిపోవద్దు.

గట్టి నీళ్లతో అసలు నష్టం సీసాల. మూతి కొనకు ఉండే స్టీలు గోలీ చుట్టూ సున్నం పట్టి, గోలీ బిగుసుకుంటది. సీసా నిండుగనే కనిపిస్తది, జంతువుకు మాత్రం చుక్క రాదు. రోజూ పొద్దున వేలితో గోలీని కదిపి చూడండి. వారానికి ఒకసారి మూతిని వెనిగర్‌ల అరగంట నానబెట్టి బ్రష్‌తో తోమి కడగండి. సీసాతో పాటు ఒరిగిపోని బరువైన మట్టి మూకుడు కూడా పెట్టండి, చాలా గినీ పిగ్‌లు మూకుడులో ఎక్కువ తాగుతయి. ఎండాకాలం మన దగ్గర 43, 44 డిగ్రీలు కొడుతది, వీటికి 28 దాటితేనే ఇబ్బంది మొదలు. సీసా నీళ్లు వేడెక్కితే తాగవు. రెండు పూటలా మార్చాలి, పంజరం చల్లటి గదిలో నేల మీద ఉంచాలి. నీళ్లు గడ్డకట్టించిన సీసాకు బట్ట చుట్టి పక్కన పెడితే దానికి ఆనుకుని పడుకుంటయి.

కొండపిండాకు: మనుషుల రాళ్లకు మన ఇండ్లల్ల ఎప్పటినుంచో వాడుకున్నదే. గినీ పిగ్‌కు ఎంత ఇవ్వాలో మోతాదు లేదు. కషాయం బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లకు పోయే ప్రమాదం ఒకటి, మూసుకున్న నాళం వెనక ఇంకింత మూత్రం చేర్చుడు ఇంకొకటి. ఉలవలు పప్పుజాతి, పిండి పదార్థం ఎక్కువ, పేగుల గ్యాస్ పడుతది. బార్లీ నీళ్లల్లనూ పిండే ఉంటది. మామూలు నీళ్లు చేసే పనికి ఇవేమీ కలపవు. పెద్దవాళ్ల శ్రద్ధ మంచిదే, ఆ శ్రద్ధను రోజూ గరిక కోసి తెచ్చే పనికి మళ్లించండి.

సెలైన్: డాక్టర్ మీ చేతితో ఒకసారి వేయించి చూపినంకనే ఇంట్ల మొదలుపెట్టండి. మడ్డి ఉన్నవాటికి 0.9 శాతం నార్మల్ సెలైన్ అడగండి, రింగర్ లాక్టేట్‌ల కొంచెం కాల్షియం ఉంటది. డెక్స్‌ట్రోజ్ బాటిల్ చర్మం కింద వద్దు. నింపిన సిరంజిని గోరువెచ్చని నీళ్లల్ల కాసేపు ఉంచి, మణికట్టు మీద చుక్క వేసి చూడండి, చల్లగ, వేడిగ అనిపించొద్దు. జంతువును తువ్వాలలో ఒడి మీద కూర్చోబెట్టి ముందు కీర ముక్క పెట్టండి. భుజాల మధ్య చర్మాన్ని గుడారం తీరు పైకెత్తి, దాని మొదట్ల 23 గేజ్ సూది ఒంటికి సమాంతరంగా దించండి. పిస్టన్ కొద్దిగా వెనక్కి లాగండి. రక్తం వస్తే తీసేసి కొత్త సూదితో ఇంకో చోట వెయ్యండి. బొచ్చు తడిస్తే సూది అవతలి నుంచి బయటికి వచ్చినట్టే. మీ దాని బరువుకు ఒక్కోసారి 15 నుంచి 20 మి.లీ. దాకా మామూలు, రోజుకు ఎన్నిసార్లన్నది డాక్టర్ చెప్పాలి. గుండె జబ్బు ఉంటే అసలు వద్దు. వేసినంక ఉబ్బు ఒక కాలు దిక్కు జారుతది, కొన్ని గంటలల్ల ఇంకుతది. తెల్లారినా ఇంకకపోతే తర్వాతి మోతాదు ఆపి ఫోన్ చెయ్యండి.

రోజుకు గంట రెండు గంటలు నేల మీద తిరగనియ్యండి. ఒకే మూల కూర్చున్న జంతువు బ్లాడర్‌ల బరువైన మడ్డి అడుగుకు దిగి అక్కడే గట్టిపడుతది. తిరిగితే కలిసి మూత్రంతో కొంత కొంత పోతది. మొదటి రోజులల్ల బట్ట మీద తెల్లది ఎక్కువ కనిపిస్తే భయపడకండి, బయటికి వస్తున్నది. తెల్లది ఒక్కసారే ఆగి, బట్ట కూడా పొడిగ ఉంటే అప్పుడు భయపడాలి.

---

చిన్నజీవాలు

ఆ చివరి మాటను పట్టుకుని అత్యవసరం సంగతి రాస్తాను, ఎందుకంటే మీది మగది. ఆడవాటి మూత్రనాళం పొట్టిగా వెడల్పుగా ఉంటుంది, చిన్న రాళ్లు వాటంతట అవే జారిపోయే అవకాశం ఉంది. మగవాటి నాళం సన్నం, చిక్కటి మడ్డి కూడా అడ్డు పడుతుంది. మళ్లీమళ్లీ ముక్కుతున్నా తడి రాకపోవడం, చుక్కలు మాత్రమే రావడం, పళ్లు కొరకడం, పొట్ట కింద గట్టిగా గుండ్రంగా తగలడం, మేత ముట్టకపోవడం: వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగొద్దు. ఎక్కువ నీళ్లు, సెలైన్ ఇచ్చే సలహా అంతా దారి తెరిచి ఉన్నప్పుడే. మూసుకున్నాక అవి ఇవ్వకూడదు.

అందుకే ఎక్కడికి వెళ్లాలో ఇప్పుడే తేల్చిపెట్టుకోండి. వరంగల్ దగ్గర మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, హైదరాబాద్‌లో రాజేంద్రనగర్ కళాశాల ఉంది. ముందే ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి: గినీ పిగ్‌కు మత్తు ఇచ్చే డాక్టర్ ఏయే వేళల్లో ఉంటారు, ఎక్స్‌రే ఆ రోజు నడుస్తుందా, సన్నని కెథెటర్ ఉందా. హైదరాబాద్ దాదాపు 150 కిలోమీటర్లు. ఎండలో పోవాల్సి వస్తే పొద్దున్నే బయలుదేరండి, బుట్టలో గడ్డి, కీర ముక్కలు వేసి, పాత ఎక్స్‌రే, మందుల చీటీ వెంట తీసుకెళ్లండి.

వంటింటి డిజిటల్ కాటా మీద రోజూ ఒకే వేళ తూచి రాసుకోండి. తింటున్నట్టు కనిపిస్తూనే బరువు జారుతుంటుంది. 1050 నుంచి 1000కి దిగితే డాక్టర్‌కు చెప్పండి, 950 దగ్గరికి వస్తే అదే రోజు చూపించండి. మేత మానితే గినీ పిగ్ గోలీలను నానబెట్టి మెత్తగా నూరి, సిరంజితో ముందు పళ్ల వెనక పక్క నుంచి కొద్దికొద్దిగా పెట్టాలి, నమిలి మింగాకే తర్వాతి చుక్క.

---

కాజీపేట07

మళ్ల ఎక్స్‌రే ఎప్పుడు తియ్యాలె? మేత మార్చినంక ఎంత కాలానికి తేడా తెలుస్తది?

---

గడ్డిమోపు

బట్ట మీద తేడా రెండు మూడు వారాలల్ల చూడొచ్చు, గరుకు పోయి మెత్తని పొడి మిగలాలె. మూత్రం పోసేటప్పుడు అరుపు అప్పటికీ తగ్గకపోతే కల్చర్ రిపోర్టు మళ్ల చూపించుండ్రి. ఎక్స్‌రే నాలుగు నుంచి ఆరు వారాలకు, అదే రెండు కోణాలల్ల తియ్యాలె. పాతది పక్కన పెట్టి పోల్చి చూడమని అడుగుండ్రి. తేటపడితే ఆ తర్వాత ఆరు నెలలకోసారి చాలు. ఒకసారి మడ్డి పట్టిన దానికి మళ్ల పట్టుడు ఎక్కువ, అందుకే లూసర్న్ ఇగ జన్మల దాని ముందు పెట్టకుండ్రి.